బంతి తగిలిన బిడ్డ గోడు పట్టేదెవరికి?

ఉయ్యూరు: సాఫ్ట్‌బాల్ ఆటలో ఒక నిబంధన ఉంది. పిచర్ విసిరిన బంతి బ్యాట్ పట్టుకున్న పిల్ల ఒంటికి తగిలితే, ఆ పిల్లకు మొదటి బేస్ ఊరికే ఇస్తారు. కావాలని విసిరావా, చెయ్యి జారిందా అని విసిరిన పిల్లను ఎవరూ అడగరు. తగిలిందా, లేదా? అంతవరకే లెక్క.

మన ఊళ్లలో సంక్రాంతికీ, వేసవి సెలవులకూ జరిగే క్రికెట్ పోటీల్లో ఇటువంటి నిబంధన మచ్చుకు ఒక్కటి కూడా కనపడదు. దెబ్బ తగిలిన కుర్రాడు కాసేపు కూర్చుని, ఎవరో పోసిన నీళ్లతో మొహం కడుక్కుని మళ్లీ నిలబడాలి. నిలబడలేకపోతే బయటకు నడవాలి. జట్టుకు ఒక మనిషి తక్కువ, ఇంట్లోవాళ్లకు ఆసుపత్రి ఖర్చు. బంతి వేసినవాడు మాత్రం చేతులు దులుపుకుని తర్వాతి బంతి వేయడానికి వెనక్కి నడుస్తాడు.

ఈ తేడాను గురించి పోటీలు నడిపే యువజన సంఘాలవారు, వ్యాయామోపాధ్యాయులు, ఊరి పెద్దలు ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

పేరుకే మెత్తన

సాఫ్ట్‌బాల్ అంటే చాలామందికి మెత్తని బంతితో ఆడే ఆడపిల్లల ఆట అనే అభిప్రాయం ఉంది. 1887లో అమెరికాలోని చికాగో నగరంలో ఈ ఆట పుట్టినప్పుడు బాక్సింగ్ గ్లవ్‌ను చుట్టి బంతిగా వాడారట. ఆ రోజులు పోయాయి. ఇప్పటి బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు దాదాపు 180 నుంచి 200 గ్రాములు. పెద్దల క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములే. అంటే సాఫ్ట్‌బాల్ క్రికెట్ బంతి కంటే పెద్దది, బరువైనది. చేత్తో నొక్కి చూసినవారికి అది ఏపాటి మెత్తనో తెలుస్తుంది.

మన రాష్ట్రానికి ఇది కొత్త ఆట కాదు. పాఠశాల క్రీడల సమాఖ్య జాబితాలో అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో సాఫ్ట్‌బాల్ ఉంది. బాలురూ ఆడతారు, బాలికలూ ఆడతారు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు పల్లెటూరి పిల్లలకు ఈ ఆట నేర్పారు. జిల్లా జట్టుకు ఎంపికైతే సర్టిఫికెట్ వస్తుందనీ, అది ముందు ముందు పనికొస్తుందనీ ఆడే పిల్లలు చాలామంది. అందులో తప్పేమీ లేదు.

పిచర్ నిలబడే చోటుకూ, బ్యాట్ పట్టుకున్న చోటుకూ మధ్య దూరం స్త్రీల ఆటలో 43 అడుగులు, పురుషుల ఆటలో 46 అడుగులు. అమెరికాలో చిన్నపిల్లలకు 40 అడుగులకు, ఇంకా చిన్నవాళ్లకు 35 అడుగులకు తగ్గిస్తారు. పిచర్ చేతిని గిలకలాగా గుండ్రంగా తిప్పి నడుము కిందినుంచి బంతిని వదలాలి. కింది చెయ్యే గదా అని తేలిగ్గా తీసుకుంటే పొరపాటు. 43 అడుగులంటే 13 మీటర్ల పైచిలుకు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని సుమారు 0.59 సెకన్లలో దాటుతుంది. క్రికెట్‌లో గీతకూ గీతకూ మధ్య 58 అడుగులు, అంటే 17.68 మీటర్లు. అక్కడ 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి సుమారు 0.64 సెకన్లు పడుతుంది. అంటే సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయికి, ఆ వేగపు బౌలర్‌ను ఎదుర్కొనే కుర్రాడి కంటే కూడా తక్కువ వ్యవధి ఉంటుంది. కన్ను మూసి తెరిచేలోగా బంతి మీద పడుతుంది.

అందుకే ఆ ఆట పెద్దలు నిబంధనను కట్టుదిట్టంగా రాసుకున్నారు. ఒంటికి తగిలినా, వేసుకున్న బట్టకు తగిలినా లెక్కే. నేల మీద పడి లేచి తగిలినా లెక్కే. బ్యాట్ పట్టుకున్న చేతివేళ్లకు తగిలితే అది బ్యాట్‌కు తగిలినట్లే అని కొందరు పేచీ పెడతారు. కాదు, చెయ్యి చెయ్యే, బ్యాట్ బ్యాటే. బంతి తగిలిన క్షణాన ఆట ఆగిపోతుంది. దెబ్బ తిన్న పిల్ల మొదటి బేస్‌కు వెళుతుంది. ఆమెకు చోటివ్వడం కోసం జరగవలసి వచ్చిన వాళ్లు మాత్రమే ముందుకు జరుగుతారు. మూడు బేస్‌లూ నిండి ఉంటే ఒక పరుగు కూడా వస్తుంది.

ఇంత మంచి నిబంధనను వాడుకుని తొండి చేసేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. వాళ్ల సంగతి కూడా ఆలోచించారు. బ్యాట్ ఊపి తప్పిన తర్వాత బంతి తగిలితే బేస్ ఇవ్వరు, స్ట్రైక్ అంటారు. సరైన చోట పడవలసిన బంతి మీదికి వంగి తగిలించుకున్నా అంతే. కావాలని ఒంటిని బంతికి అడ్డం పెట్టినట్లు అంపైర్‌కు తోస్తే దెబ్బే మిగులుతుంది తప్ప బేస్ రాదు. బ్యాట్ పట్టే పిల్లకు రెండు చెవులనూ కప్పే హెల్మెట్ తప్పనిసరి.

అమెరికాలో ఊరూరా జరిగే పిల్లల పోటీల్లో కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకు వేశారు. ఒక ఇన్నింగ్స్‌లో ఇద్దరికో, మొత్తం ఆటలో ముగ్గురికో బంతి తగిలించిన పిచర్‌ను ఆ రోజుకు బంతి విసరనివ్వరు. ఆ సంఖ్య ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది. పిచర్ వేరే స్థానంలో నిలబడి ఆడవచ్చు. ఆ పిల్లకు శిక్ష వేస్తున్నామని వారు అనుకోరు. ఈ పూట బంతి ఆమె అదుపులో లేదు, అంతే. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎందుకంటే దెబ్బ కొట్టిన పిల్ల కూడా పిల్లే. ఎదుటి పిల్ల నెత్తురు చూసి తానే ఏడ్చేసిన పిల్లను చేత బంతి పెట్టి మళ్లీ విసరమనడం కూడా మంచిది కాదు.

క్రికెట్ చట్టంలో ఏముంది?

మన ఊళ్లలో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలు పదిమంది ఉంటే క్రికెట్ ఆడేవాళ్లు వెయ్యిమంది ఉంటారు. కాబట్టి అసలు మాట అక్కడే చెప్పుకోవాలి.

క్రికెట్ నియమావళిలో ఏమీ లేదని కాదు. 41వ సూత్రంలో ఉన్నది. పొట్టిగా వేసిన బంతి, దాని వేగాన్నీ, ఎత్తునూ, దిక్కునూ బట్టి, ఎదురుగా ఉన్న బ్యాట్స్‌మన్ నేర్పును కూడా చూసి, అతనికి దెబ్బ తగిలేట్లున్నదని అంపైర్‌కు తోస్తే అది నోబాల్. బౌలర్‌కు మొదటిదీ చివరిదీ అయిన హెచ్చరిక. మళ్లీ వేస్తే ఆ ఇన్నింగ్స్‌లో ఇక బౌలింగ్ లేదు. బ్యాట్స్‌మన్ హెల్మెట్, ప్యాడ్లు పెట్టుకున్నాడు గదా అనే సంగతిని లెక్కలోకి తీసుకోకూడదని కూడా స్పష్టంగా రాశారు. నేల తగలకుండా నడుము పైకి వచ్చే ఫుల్‌టాస్ నోబాల్. అది ప్రమాదకరమని అంపైర్ భావిస్తే దానికీ ఇదే హెచ్చరిక, ఇదే శిక్ష.

కాగా, దెబ్బ తిన్నవాడికి ఏమి దక్కుతుంది? ఆడబోయి గాని, తప్పించుకోబోయి గాని తగిలితే లెగ్‌బై తీసుకోవచ్చు. అంటే దెబ్బ తిన్నవాడే పరుగెత్తాలి! సాఫ్ట్‌బాల్‌లో ఊరికే వచ్చేది ఇక్కడ కుంటుతూ సంపాదించుకోవాలి.

చట్టం మంచిదే. అయితే దానిని నడిపించేదెవరు? పెద్ద పోటీల్లో పరీక్ష పాసైన అంపైర్లుంటారు. మన పోటీల్లో అంపైర్ అంటే బ్యాటింగ్ చేసే జట్టులో అవుటై వచ్చి కూర్చున్నవాడు. అతడు ‘ఈ బంతి ప్రమాదకరం’ అంటే ఎదుటి జట్టు ఊరుకుంటుందా? ‘మీవాడు కాబట్టి అంటున్నావు’ అంటారు. గంట సేపు వాదులాట. కాలర్లు పట్టుకోవడం దాకా పోయిన సందర్భాలు కాటూరు నుంచి కడవకొల్లు దాకా ఆట చూసేవాళ్లకు తెలియనివి కావు. అందుచేత అంపైర్ పాపం నోరు మూసుకుంటాడు. ఏది ప్రమాదమో బేరీజు వేయడం చదువుకున్న అంపైర్ పని. తగిలిందా లేదా అని లెక్కపెట్టడం ఎవరైనా చేయగలరు. పిల్లల సాఫ్ట్‌బాల్‌లోని లెక్క పద్ధతి మన పల్లెటూరి ఆటకు సరిపోయేది అందుకే.

మన మైదానాల తీరు

కృష్ణా డెల్టాలో ఆటకు ఖాళీ చేను దొరకదు. వరి కోతకు ముందే మినుము చల్లేస్తాం. వరి పనలు లేచేసరికి మినుము మొలక కనపడుతుంది. ఇక మిగిలింది బడి మైదానం, చెరువు పక్క దిబ్బ, ఇళ్ల స్థలాల కోసం మెరక చేసి వదిలిన వెంచర్లు. నల్లరేగడి మీద నాలుగు బుట్టల ఎర్రమట్టి పోసి, పీచు పట్టా పరిస్తే అదే పిచ్. దాని కింద ఒక బెడ్డ ఉన్నా చాలు, మోకాలి ఎత్తున రావలసిన బంతి మొహం మీదికి లేస్తుంది. బౌలర్ తప్పు ఉండదు. బ్యాట్స్‌మన్ తప్పూ ఉండదు. బౌలర్ ఉద్దేశం ఏమిటన్న ప్రశ్న ఇటువంటి చోట పనికిరాదని నా అభిప్రాయం.

టెన్నిస్ బంతితో ఆడినంతకాలం ఫరవాలేదు. పోటీ అనేసరికి కార్కు బంతో, తోలు బంతో వస్తుంది. ప్రవేశ రుసుము వసూలు చేసి, దాతల పేర్లు మైకులో చదివి, మనిషెత్తు షీల్డు పెడతారు. హెల్మెట్ల సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఉన్నా ఒకటి ఉంటుంది, అది పెద్దవాళ్ల తలకు సరిపోయేది. పిల్లవాడు పెట్టుకుంటే కళ్ల మీదికి జారుతుంది.

అన్నిటికంటే ఘోరం వయసు తేడా. జట్టుకు పదకొండోవాడు దొరకకపోతే తొమ్మిదో తరగతి కుర్రాడిని లాక్కొస్తారు. కిందటి సంక్రాంతికి ఒక ఊళ్లో చూశాను. ఊరి పేరు రాయను, రాస్తే ఆ ఊరు ఒక్కటే అలాంటిదని మిగతావాళ్లు అనుకుంటారు. బంతి వేసేవాడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. రోజూ వ్యాయామం చేసిన ఒళ్లు. బ్యాట్ పట్టినవాడికి మీసం కూడా మొలవలేదు. గెలవడానికి ఇంకా నలభై పరుగులుండగా అది చివరి వికెట్. ఆట ఎటూ అయిపోయింది. మెల్లగా ఒక బంతి వేసి వికెట్టు పడగొట్టవచ్చు. కాని చుట్టూ జనం ఈలలు, ‘తలకాయకెయ్యరా’ అని కేకలు. మొదటి బంతి భుజానికి తగిలింది. నవ్వారు. రెండోది చెవి పక్క తగిలింది. అప్పుడు నవ్వు ఆగింది. ఆ కుర్రాడు ఆసుపత్రిలో రెండు రోజులుండి అదృష్టవశాత్తూ బాగానే బయటపడ్డాడు.

తర్వాత అతని తల్లిని కలిస్తే ఆమె అన్న మాట ఇది: ‘బంతికి భయపడ్డాడని మావాణ్ని ఎగతాళి చేస్తున్నారండీ. కన్ను పోతే ఆ షీల్డు తెచ్చి ఇస్తారాండీ?’

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్లుంది ఈ వినోదం. క్రికెట్ చట్టంలో బ్యాట్స్‌మన్ నేర్పును చూడాలని రాసింది సరిగ్గా ఇలాంటి సందర్భానికే. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య న్యాయమైన బంతి, పిల్లవాడికి వేస్తే అన్యాయం కావచ్చు.

సి.కె.నాయుడు పళ్లు

ఈ మాట ఎత్తగానే మన పెద్దలు కొందరు సి.కె.నాయుడుగారిని తెస్తారు. మచిలీపట్నంలో మూలాలున్న కుటుంబం, 1932లో భారత జట్టుకు తొలి టెస్ట్ కెప్టెన్. మన ప్రాంతానికి ఆయన గర్వకారణమే. 1951-52 రంజీ పోటీల్లో హోల్కర్ తరపున బొంబాయి మీద ఆడుతుండగా దత్తూ ఫడ్కర్ వేసిన బంతి నోటికి తగిలి ఆయన పళ్లు రెండు ఊడాయి. వాటిని పక్కకు నెట్టి మళ్లీ బ్యాట్ పట్టాడు. వేగం తగ్గించవద్దని ఫడ్కర్‌కు చెప్పాడంటారు. అదీ పౌరుషం అంటారు మనవాళ్లు.

కాదనడం లేదు. కాని అప్పటికి ఆయన వయసు 56 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా ఆడి, దెబ్బ ఎలా ఉంటుందో తెలిసి, కోరి నిలబడిన మనిషి. ఆయన పళ్లు ఆయన ఇష్టం. తొమ్మిదో తరగతి కుర్రాడు కోరి నిలబడలేదు, నిలబెట్టారు. ఆ రెంటికీ పోలిక పెట్టడం నాయుడుగారికి కూడా గౌరవం కాదు.

పౌరుషం కథలు చెప్పేవారు మిగతా కథలు కూడా చెప్పాలి. 1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ రక్తమిచ్చాడు. ప్రాణం దక్కింది గాని కాంట్రాక్టర్ మళ్లీ టెస్ట్ ఆడలేదు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా నిలబడిన రమణ్ లాంబా బంతి తగిలి మరణించాడు. 2014 నవంబరులో ఫిల్ హ్యూస్‌కు హెల్మెట్ ఉంది, దెబ్బ మెడకు తగిలింది. 2025 అక్టోబరులో మెల్బోర్న్‌లో 17 ఏళ్ల కుర్రాడు ప్రాక్టీసు చేస్తుండగా మెడకు బంతి తగిలి చనిపోయాడు. అక్కడి మైదానాలకూ, మన దిబ్బలకూ ఉన్న తేడా చెప్పనక్కరలేదు.

1920లో అమెరికాలో బేస్‌బాల్ ఆడుతూ రే చాప్‌మన్ అనే ఆటగాడు తలకు బంతి తగిలి మరునాడు చనిపోయాడు. వెలుతురు మసకబారిన వేళ, మట్టి పట్టి నల్లబడ్డ బంతి అతనికి సరిగ్గా కనపడలేదని అప్పట్లో అన్నారు. ఆ తర్వాతనే మురికి బంతిని వెంటనే మార్చేసే పద్ధతి గట్టిపడింది. మన పోటీల్లో పొద్దుగూకినా ఆట ఆపరు. ఫైనల్ కదా, ముఖ్య అతిథి ఇంకా రాలేదు కదా అని సందె చీకట్లో, అరిగిపోయిన బంతితో ఆడిస్తారు. నూరేళ్ల కిందటి చావు మనకు ఇంకా పాఠం కాలేదు.

చేయవలసినది

పదహారేళ్ల లోపు పిల్లవాడు బ్యాట్ పట్టినప్పుడు నడుముకు పైన ఒంటికి బంతి నేరుగా తగిలితే అది నోబాల్ అని, జట్టుకు రెండు పరుగులు ఇస్తామని నిర్వాహకులు ప్రకటించవచ్చు. అదే బౌలర్ బంతి రెండోసారి తగిలితే ఆ ఇన్నింగ్స్‌లో అతడికి ఇక బౌలింగ్ లేదు. ఫీల్డింగ్ చేసుకోవచ్చు, బ్యాటింగ్ చేసుకోవచ్చు. బ్యాట్ ఊపి తప్పి తగిలితేనూ, కావాలని మీదికి వెళ్లి తగిలించుకుంటేనూ పరుగులు లేవు. ఇలా చేస్తే బౌలర్లు భయపడి వేగం తగ్గిస్తారని ఒక అభ్యంతరం ఉంది. పిల్లవాడికి వేసేటప్పుడు తగ్గించమనే గదా అడుగుతున్నది! వికెట్ల మీదికి నిండుగా వేసే బంతికి ఈ నిబంధన అడ్డురాదు.

ఇంగ్లండులో 18 ఏళ్ల లోపు వారెవరైనా గట్టి బంతికి ఎదురు నిలబడాలంటే హెల్మెట్ పెట్టుకోవాలని 2000 నుంచి నిబంధన అమలులో ఉంది. ఫీల్డింగ్‌లోనూ, వెనక వైపు తప్ప, 15 ఏళ్ల లోపు వారు బ్యాట్స్‌మన్‌కు 8 గజాల లోపు, 13 ఏళ్ల లోపు వారు 11 గజాల లోపు నిలబడకూడదు. 13 ఏళ్ల లోపు వారికి 133 నుంచి 144 గ్రాముల తేలిక బంతి క్రికెట్ నియమావళిలోనే ఉంది. అది వాడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు ‘బాగానే ఉన్నాను’ అన్నా ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. వాంతి, మగత, మాట తడబడటం కనపడితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అంతర్జాతీయ క్రికెట్‌లోనే 2019 నుంచి తల అదిరినవాడి బదులు ఇంకొకరిని ఆడనిస్తున్నారు, ఊరి పోటీలో ఆ వీలు కల్పిస్తే పోయేదేమీ లేదు. పిల్లల ఛాతీ మీద, గుండె దగ్గర బంతి తగిలి ఒక్కోసారి గుండె ఆగిపోతుంది. కుప్పకూలిన పిల్లవాడిలో చలనం, ఊపిరి లేకపోతే నీళ్లు చల్లుతూ కూర్చోరాదు. 108కి ఫోన్ చేయిస్తూనే ఛాతీ మధ్య రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున గట్టిగా నొక్కాలి. ఇది ప్రతి వ్యాయామోపాధ్యాయుడూ నేర్చుకోతగ్గది.

ఆడపిల్లల విషయం మరీ సున్నితం. కొడుకుకు దెబ్బ తగిలితే వారం రోజుల్లో మళ్లీ మైదానంలో ఉంటాడు. కూతురి మొహానికి దెబ్బ తగిలిందో, ఆ రోజుతో ఆట సరి. ‘రేపు పెళ్లి చేయొద్దా’ అంటారు. అది సరైన మాట కాదని వాదించవచ్చు, వాదించాలి కూడా. కాని ఆ వాదన గెలిచేలోగా ఆ పిల్ల బడి జట్టు నుంచి వెళ్లిపోతుంది. హెల్మెట్ లేకుండా సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసు చేయించే బడి ఏదైనా ఉంటే, ఆ పిల్ల ఆట మానడానికి ఆ తండ్రి కంటే ఆ బడే ఎక్కువ కారణం. జిల్లా ఎంపికలకు పిల్లలను పంపే ముందు ప్రతి బడికీ కనీసం నాలుగు హెల్మెట్లు ఉన్నాయో లేదో విద్యాశాఖ అధికారులు విచారించాలని తల్లిదండ్రుల తరపున కోరుతున్నాం.

సంక్రాంతి పోటీల కరపత్రాలు కొద్ది వారాల ముందే అచ్చుకు వెళతాయి. ఉయ్యూరు, పమిడిముక్కల, తోట్లవల్లూరు మండలాల నిర్వాహకులు అందరూ అడుగున ‘అంపైర్ నిర్ణయమే తుది నిర్ణయం’ అని తప్పకుండా వేయిస్తారు. ఈసారి దానికి పైన, పిల్లలకు రెండుసార్లు బంతి తగిలించిన బౌలర్‌ను ఆ ఇన్నింగ్స్‌లో బౌలింగ్ నుంచి తప్పిస్తామనీ, హెల్మెట్ లేని పిల్లవాడిని బ్యాటింగ్‌కు అనుమతించమనీ రెండు వాక్యాలు వేయించమని మనవి. అచ్చు ఖర్చు పెరగదు.